మాఫ్ చేయని సాక్షి

కోర్టు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే నన్ను అడిగేది ఒకటే. "మేడం, ప్రమాణం చేసినోళ్ళంతా నిజమే చెప్తరా?" ఎప్పుడూ నవ్వి ఊరుకునేదాన్ని. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఒకరోజు నాంపల్లి కోర్టులో నా ఎదురుగా నిలబడింది. అది నవ్వి ఊరుకునే సంగతి కాదు గనుక మీకోసం రాస్తున్నాను.

నేను మేజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. న్యాయమూర్తి కూర్చునే వేదిక కింద, ముందున్న కుర్చీ నాది. ఫైళ్ళు అందించడం, వాయిదాలు రాయడం, బోనెక్కిన సాక్షి చేత ప్రమాణం చేయించడం నా పని. "దేవుని సాక్షిగా అంతా నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను" అని నేను ముందంటే సాక్షి నా వెనక అనాలి. ముస్లింలైతే దేవుని చోట ఖుదా వస్తాడు. దేవుణ్ణి నమ్మనివాళ్ళకు మనస్సాక్షి వస్తుంది.

నేను క్రైస్తవ విశ్వాసిని. మా నాయన మెదక్ వైపు పల్లెల్లో సైకిలు మీద తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి. నేను ఆదివారం అబిడ్స్‌లో మా సంఘం పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, సోమవారం నాంపల్లిలో ప్రమాణాలు చేయించేదాన్ని. రెండు చోట్లా దేవుని పేరే. ఆదివారం నాడు ప్రార్థనలో పిల్లలు కిసుక్కుమంటే చెవి మెలిపెట్టేదాన్ని. సోమవారం నాడు పెద్దపెద్దవాళ్ళు ఆయన పేరు చెప్పి, నోటి తడి ఆరకముందే పచ్చి అబద్ధాలాడుతుంటే తలవంచుకుని కూర్చునేదాన్ని. అది జీతమిచ్చే పని. చెవులు మెలిపెట్టే అధికారం నాకక్కడ లేదు.

మా కోర్టు అటెండర్ ఒక ముస్లిం పెద్దమనిషి. లాయర్ల నుంచి కానిస్టేబుళ్ళ దాకా అందరికీ ఆయన చాచా. వరండాలోకి వెళ్ళి సాక్షి పేరు మూడుసార్లు కేకేయడం ఆయన పని. సాక్షి గుమ్మం దాటేలోపే ఏ ప్రమాణం చేయించాలో నా చెవిలో వేసేవాడు. బొట్టూ టోపీ చూసి చెప్పేవాడు కాదు. ఎట్లా కనిపెడతావని అడిగితే అనేవాడు:

"నడక చూసి చెప్త బేటీ. గుడికి పోయెటోడు గడపకు మొక్కి లోపలికొస్తడు. మసీదుకు పోయెటోడు చెప్పులు ఏడ విడవాల్నో చూస్తడు. మీ చర్చోళ్ళు కుర్చీ ఏడుందో చూస్తరు."

నేను చేరిన నాటి నుంచి ఆయన గురి తప్పగా చూడలేదు. ఆ ఒక్కరోజే తప్పింది.

కేసు చిన్నదే. అబిడ్స్‌లో ఒక పాత దుకాణాల సముదాయం ఉంది. దాని వాచ్‌మన్‌ను ఎవరో వెనక నుంచి మెట్ల మీదికి తోశారు. తొడ ఎముక విరిగింది. తోసిందెవరో అతను చూడలేదు. ముందురోజు ఆ మెట్ల దగ్గర చాయ్ బండి నడిపే యువకుడికీ వాచ్‌మన్‌కూ పెద్ద గొడవ జరిగింది. పోలీసులు ఆ యువకుణ్ణి పట్టుకున్నారు. పాలమూరు నుంచి బతకడానికొచ్చిన మనిషి. జామీను నిలబడేవాళ్ళు లేక జైల్లోనే ఉన్నాడు. వాయిదా ఉన్న ప్రతిసారీ తెచ్చి నిలబెట్టేవాళ్ళు. "నేను కాదు సార్" అనేవాడు. మొదట్లో అందరితో అనేవాడు, తర్వాత్తర్వాత గోడతో అన్నట్టు అనేవాడు.

కళ్ళతో చూశానన్నది ఒక్కరే. దుకాణాలకు ఊదు వేసే ముసలాయన. అబిడ్స్ ఎరిగినవాళ్ళకు చెప్పనక్కరలేదు. పొద్దున్నే ఒక చేతిలో నిప్పుల ధూపదానీ, ఇంకో చేతిలో నెమలీకల కట్టా పట్టుకుని దుకాణం దుకాణానికీ వచ్చి, సాంబ్రాణి పొగ వేసి, గల్లాపెట్టె మీద నెమలీక ఆడించి వెళ్తుంటారు. మార్వాడీ బట్టల దుకాణమైనా, ముస్లింల అత్తర్ల దుకాణమైనా, మా వాళ్ళ పుస్తకాల దుకాణమైనా ఆ పొగకు తేడా లేదు. ఆ చాయ్ యువకుడే తోశాడని ఈయన పోలీసులకు చెప్పాడు. కోర్టులో కూడా అదే చెబితే శిక్ష ఖాయం.

ఎండ మండిపోతున్న రోజు. చాచా బయటికెళ్ళి పేరు పిలిచాడు. ఆ పేరు కూడా అటూ ఇటూ నప్పేదే. మన పల్లెల్లో పీర్లకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డలకు అట్లాంటి పేర్లు పెడతారు. ముసలాయన వచ్చాడు. భుజాన ఆకుపచ్చ గుడ్డ, మెడలో పూసలు, చేతిలో నెమలీకలు. మెట్లెక్కలేకపోతుంటే కొడుకు రెక్క పట్టి తీసుకొచ్చాడు. సామాను ఆటో నడిపే మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. తండ్రిని గుమ్మం దాటించి వెనక బల్ల చివర కూర్చున్నాడు.

"ఖుదా," అన్నాడు చాచా నా చెవిలో, నమ్మకంగా.

నేను మొదలుపెట్టాను. "ఖుదా కో హాజిర్ నాజిర్ జాన్‌కర్..."

ముసలాయన తలూపాడు. "బిడ్డా, గది నాది కాదు."

"మరి?"

"మేం హిందువులం. మా ఊర్ల పీర్లెత్తుతం. మా తాత కాడికెల్లి మాదే పని."

ప్రభుత్వ వకీలు సరదా మనిషి. "చాచా, ఇయ్యాల నీ నిశానా తప్పింది!" అన్నాడు.

"ఏడ తప్పింది సార్? సగం తగిలింది," అన్నాడు చాచా. హాలు నవ్వింది.

నేను మళ్ళీ మొదలుపెట్టాను. "దేవుని సాక్షిగా..."

ముసలాయన అనలేదు. ఇంకోసారి చెప్పాను. అనలేదు. మా మేజిస్ట్రేటు గారు వయసులో చిన్నావిడ. ఓపిక ఎక్కువ. "చెప్పండి పెద్దాయనా, భయపడకండి," అన్నారు.

"భయం కాదమ్మా. గా ఒట్టు నన్ను ఆపదు."

"ఎందుకు ఆపదు?"

"దేవుడు దయగల్లోడు. ఈడ అబద్ధమాడి, పొద్దుమీకి పోయి దండం పెట్టుకుంటే మాఫ్ చేస్తడు. గది నాకెరుక. నా నోటిక్కూడ ఎరుకే."

వకీలు లేచాడు. "మేడం, సాక్షి ముందే చెప్తున్నడు అబద్ధమాడతనని! ఇసుంటి సాక్షిని నా సర్వీసుల చూడలే."

"ఆడొద్దనే చెప్తున్న సారూ," అన్నాడు ముసలాయన. "పోలీసోళ్ళ కాడ ఒకటి ఆడిన. ఇయ్యాల నిజం చెప్దామని బయల్దేరిన. గని అది నా ఇంటికి తాకే ముచ్చట. గేటు దాంక ధైర్యముండె. గీడికొచ్చినంక నోరు మళ్ళ అటే గుంజుతుంది. జర గట్టి తాడు కట్టున్రి దానికి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పిల్లలూ, నేను మీకిది ఎట్లా చెప్పాలి? నా జీవితమంతా క్షమించే దేవుణ్ణి ప్రకటించాను. ఆయన క్షమిస్తాడు గనుకనే ఆయన పేరు మీద పెట్టిన ఒట్టు తనను కట్టడి చేయదని ఒక మనిషి బోనులో నిలబడి చెబుతున్నాడు. నా ఎదుట అన్నేళ్ళు అబద్ధమాడినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసేమో. తెలియంది నాకే.

"మరి దేని మీద ఒట్టేస్తే నీ నోరు ఆగుతుంది?" అని అడిగారు మేజిస్ట్రేటు గారు.

"నా కొడుకు తల మీద."

వెనక బల్ల వైపు అందరం చూశాం. కొడుకు కదల్లేదు. ఇంటికి తాకే ముచ్చట ఏమిటో హాల్లో అందరికీ ఒక్కసారే అర్థమైంది. వాణ్ణి కాపాడడానికి అబద్ధమాడబోయే నోటిని వాడి తలతోనే కట్టెయ్యాలని చూస్తున్నాడు తండ్రి. అబద్ధమాడితే ఒట్టు తగిలి కొడుకు పోతాడు. నిజం చెబితే కొడుకు జైలుకు పోతాడు. రెండోది నయమని ఎంచుకుని వచ్చాడు.

మేజిస్ట్రేటు గారు చట్టం పుస్తకం తెప్పించుకుని చదివారు. సాక్షి తనవాళ్ళలో కట్టుబాటుగా ఉన్న పద్ధతిలో ప్రమాణం చేస్తానంటే కోర్టు ఒప్పుకోవచ్చు. అది న్యాయానికీ మర్యాదకూ విరుద్ధంగా ఉండకూడదు. ఇంకొకరి మీద పడకూడదు. ఆ చివరి మాటను ఆవిడ మెల్లగా విడమరిచారు. "మీ ఒట్టు మీ మీదే పడాలి పెద్దాయనా. మూడో మనిషి మీద పడనివ్వదు చట్టం."

"కొడుకు మూడో మనిషెట్ల అయితడమ్మా?"

ఆవిడ వేలు పెట్టి ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నారు. "చట్టానికి అవుతాడు," అన్నారు చివరికి.

నా విశ్వాసమంతా మూడో మనిషి మీద పడిన శిక్ష మీద నిలబడి ఉంది. దేవుని కుమారుడి మీద పడింది. ప్రతి ఆదివారం అదే చెబుతాను. ఆ మాట అంత దగ్గరగా, అంత బరువుగా ఎప్పుడూ వినలేదు నేను. అడ్డుకోవడానికి అక్కడ సిలువ దగ్గర ఎవరూ లేకపోయారు, ఇక్కడ ఒక చిన్నావిడ పుస్తకం పట్టుకుని అడ్డం నిలబడింది.

ముసలాయన నెమలీకల కట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అట్లయితే నిప్పు మీద వేస్త," అన్నాడు.

"కోర్టుకు నిప్పు పెడ్తవా ఏంది?" అన్నాడు వకీలు. కానీ ఆయన గొంతులోనూ సరదా పోయింది.

"నిప్పు దేవుని కంటే పెద్దదా?" అని అడిగారు మేజిస్ట్రేటు గారు. వెక్కిరింపుగా కాదు. తెలుసుకోవాలనే అడిగారు.

"పెద్దదెట్లయితదమ్మా? దేవుని నౌకరు అది. మాఫ్ చేసే ఇఖ్తియారు నౌకరుకు లేదు. చెప్పిన పని చేస్తది, గంతే. ఇరవై ఏండ్లు పీర్ల పండుగకు మా ఊరి నిప్పుల గుండంల నడిచిన. నేనెవరో దానికెరుక."

వేదిక మీది ఆవిడ నుంచి గుమ్మం దగ్గరి కానిస్టేబుల్ దాకా ఆ హాల్లో ఉన్నవాళ్ళం అందరం నౌకర్లమే. మాఫీ ఇచ్చే అధికారం మాలో ఎవరికీ లేదు. ఆ మాటకు అందరం సర్దుకుని కూర్చున్నాం.

"చెయ్యి పెడతారా నిప్పులో? దానికి నేను ఒప్పుకోను."

"పెట్టనమ్మా. మొహం చూపిస్త, చాలు."

వకీలు అభ్యంతరం లేదన్నాడు. నిందితుడి తరఫున ఉచితంగా వాదిస్తున్న కుర్రలాయరు కూడా లేదన్నాడు. ధూపదానీని ఆయన వచ్చేటప్పుడే గేటు దగ్గర పోలీసులు ఆపేశారు. చాచా కిందికి వెళ్ళి రెండు చేతులతో పట్టుకొచ్చాడు. లోపల అంతా బూడిదే. చాచా బోను ముందు నేలమీద పెట్టి, మోకాళ్ళ మీద వంగి, బూడిద మీద మెల్లగా ఊదాడు. ఏమీ లేదు. మళ్ళీ ఊదాడు. అడుగున ఎక్కడో ఒక నిప్పు కణిక ఎర్రగా కన్ను తెరిచింది.

బూడిద ఎగరకుండా ఫ్యాన్లు ఆపించారు. ఆ హాల్లో ఫ్యాన్లు ఆగడం నేనెప్పుడూ ఎరగను. రోడ్డు మీది బస్సుల మోత వినిపించింది. పైన మెట్రో పోయిన చప్పుడు వచ్చి, పోయింది.

అందరం లేచి నిలబడ్డాం. లేవమని ఎవరూ చెప్పలేదు.

నేను ముందుగా అనాల్సిన మాటలు నా దగ్గర లేవు. "ఏమని చెప్పించాలి?" అని అడిగాను.

"నువ్వేం చెప్పకు బిడ్డా. నేనే చెప్పుకుంట."

వంగి ఆ కణికకు మొహం చూపించాడు. ఎరుపు ఆయన గడ్డం కింద కనబడీ కనబడనట్టు తాకింది. "నిన్ను ఇన్నేండ్లు మోసిన," అన్నాడు దానితో. "నువ్వూ నన్ను మోసినవు. ఇప్పుడు నా నోట్ల అబద్ధముంటే గీడ్నే కాల్చు."

మా గ్రంథంలో దేవుడు ముళ్ళపొదలో మంటగా కనిపిస్తాడు, పొద కాలిపోదు. మా మేజిస్ట్రేటు గారి పెళ్ళి అగ్ని చుట్టూ ఏడడుగులతో జరిగి ఉంటుంది. చాచా చిన్నప్పుడు మొహర్రం గుండాలు చూసినవాడు. అక్కడికి నాలుగడుగుల దూరంలో అబిడ్స్‌లోనే పార్శీల గుడిలో తరాలుగా ఆరని నిప్పు ఉందంటారు. మేమెవరం లోపలికి వెళ్ళి చూడలేదు. ఇన్ని చోట్ల, ఇన్ని పేర్లతో, మనుషులు మాట ఇవ్వడానికి వెతుక్కున్నది దీన్నేనా అనిపించింది. నేను నా దేవుణ్ణి తప్ప ఎవరికీ మొక్కని దాన్ని. ఆరోజూ మొక్కలేదు. కానీ ఆ హాల్లో ఆయన లేడని మాత్రం అనలేను.

తర్వాత ముసలాయన చెప్పింది నాలుగు మాటలే.

ఆ పొద్దున వాచ్‌మన్ ఆయన్ను బిచ్చగాడని తిట్టి, బకెట్ నీళ్ళు ధూపదానీలో పోశాడు. నిప్పు చుయ్యిమని ఆరింది. ఆయన మాట్లాడకుండా పక్కకు జరిగి కూర్చున్నాడు. సామాను దింపడానికొచ్చిన కొడుకు, తండ్రి ఒడిలో తడి బొగ్గులు చూశాడు. మెట్లెక్కి వెళ్ళి వెనక నుంచి తోశాడు. "నా కొడుకే నూకిండు. నేను చూసిన. చాయ్ పిలగాడు గాడ లేనే లేడు."

నీళ్ళు పోసిన సంగతి వాచ్‌మన్ తన సాక్ష్యంలో చెప్పలేదు. కావాలని దాచింది కాదు. గుర్తే లేదు.

చాయ్ యువకుడు అవతలి నిందితుల బోనులో చతికిలబడ్డాడు. కుర్రలాయరు ప్రశ్నలు లేవన్నాడు. ప్రభుత్వ వకీలు సాక్షి మాట మార్చాడని గట్టిగా అడగాలి, అది ఆయన డ్యూటీ. లేచాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, రెండు ప్రశ్నలడిగి కూర్చున్నాడు.

ముసలాయన బోను దిగబోతూ ఆగి, మేజిస్ట్రేటు గారి వైపు తిరిగాడు.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది. మీరు వెళ్ళొచ్చు."

"ఇగ దేవుని పేరెత్తొచ్చా? ఇప్పుడు నాకు మాఫ్ చేసెటోడు గావాలె."

ఆవిడ తలూపారు. కాసేపటికి ఫ్యాన్లు వేయమని సైగ చేశారు.

నేను వరండాలోకి వచ్చి కిందికి చూశాను. కొత్త కేసు కాగితం ఇంకా పుట్టలేదు గనుక కొడుకును ఎవరూ ఆపలేదు, అతనూ పారిపోలేదు. తండ్రి రెక్క పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దింపాడు, సామాను ఆటోలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆటో నాంపల్లి స్టేషన్ వైపు తిరిగి జనంలో కలిసిపోయింది.

చాయ్ యువకుడు విడుదలైన రోజున ముసలాయన్ను వెతుక్కుంటూ వెళ్ళి కాళ్ళ మీద పడబోయాడట. "నాకు మొక్కకు, నేను నీకోసం చెప్పలే," అని ఆయన కసిరాడని చాచా చెప్పాడు. మా సంఘంలో ఈ సంగతి చెప్పుకుంటే ఒక పెద్దాయన మొహం గంటు పెట్టుకుని, "అగ్నిపూజ దగ్గర నిలబడ్డావా అమ్మా?" అన్నాడు. "ఒక మనిషి నిజం చెబుతుంటే నిలబడ్డాను అయ్యగారూ," అన్నాను. ఆ నెల నాచేత ప్రార్థన చేయించలేదు. ఆ నెల నేను చేసుకున్నన్ని ప్రార్థనలు మరెప్పుడూ చేసుకోలేదు. అన్నీ ఆ కొడుకు కోసమే.

కొడుకు మీద కేసు నడవడానికి టైము పట్టింది. అది విచారణకు వచ్చేసరికి నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. నిందితుడి చేత మన చట్టం ప్రమాణం చేయించదు, కనుక ఆరోజు నాకు పని లేదు. ఫైలు అందించి నిలబడ్డాను. బోనులో ఆ సామాను ఆటో మనిషి. తండ్రి రాలేదు. సాక్షుల వాయిదా ఇంకా పడలేదు.

మేజిస్ట్రేటు గారు ఆరోపణ చదివి వినిపించారు. "నేరం ఒప్పుకుంటున్నారా, లేదా? తొందరేం లేదు. మీ లాయరుతో మాట్లాడుకుని చెప్పండి."

అతని లాయరు పక్కకు వంగి చెబుతున్నది నా కుర్చీ దాకా వినబడింది. "లేదను. మీ బాపు మాట ఒక్కటే ఉంది వాళ్ళ దగ్గర. ఆయన మళ్ళొచ్చి గిదే కోర్టుల చెప్పాలె. ఈసారి చెప్తడో లేదో. దొర్కవు నువ్వు."

"ఔ," అన్నాడతను, లాయరు వైపు తిరగకుండా.

మా గ్రంథం అసలు ఒట్టే పెట్టుకోవద్దంటుంది. ఆకాశం మీద వద్దు, భూమి మీద వద్దు, నీ తల మీద కూడా వద్దు, నువ్వు ఔనన్నది ఔనైతే చాలంటుంది. ఆ పాఠం వచ్చిన ఆదివారాలు నేను గబగబా చెప్పి ముగించేదాన్ని. ఒట్లు పెట్టించి జీతం తీసుకునేదాన్ని మరి. ఆ మాట మనిషి నోట ఎట్లా ఉంటుందో అప్పటిదాకా నేను వినలేదు.

మేజిస్ట్రేటు గారు కలం పక్కన పెట్టారు. "ఏమిటి ఔ? బాగా ఆలోచించుకునే చెబుతున్నారా?"

"ఔ మేడం. నేనే నూకిన. మా బాపుతోటి మళ్ళ ఒట్టు పెట్టియ్యకున్రి."